కోటా నియోజకవర్గానిది.. బాధ్యత ఎవరిది?

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఏ ఊళ్లో గ్రామసభ పెట్టినా చర్చ చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతుంది: ‘ఇల్లు మాకెందుకు రాలేదు?’ 2025 జనవరి 21 నుంచి 24 వరకు రాష్ట్రమంతటా గ్రామసభలు పెట్టి ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదివినప్పుడు, పేరు లేనివారికి అధికారులు చెప్పిన జవాబు ఇది తుది జాబితా కాదని. అది అబద్ధం కాదు. కానీ తుది జాబితా ఎవరు చేస్తారు, పేరు పోతే ఎవరి గడప తొక్కాలి అన్నవాటికి అందులో సమాధానం లేదు. అదే ఏడాది డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగి ఊరూరా సర్పంచులు వచ్చారు. ఇప్పుడు నిలదీయడానికి ఊళ్లోనే ఒక మనిషి దొరికారు. జవాబు చెప్పే అధికారం మాత్రం ఆ మనిషి చేతికి రాలేదు.

పేదల ఇళ్ల మీద మన దగ్గర జరిగే వాదన ఎన్ని, ఎంత, ఎవరికి అన్న మూడు మాటల చుట్టూనే తిరుగుతుంది. ఒకరు డబుల్ బెడ్‌రూం అంటే మరొకరు ఐదు లక్షలంటారు. ఇళ్లు కట్టించే యంత్రాంగం ఎవరి ఆధీనంలో ఉంది, అందులో ఎందరు పనిచేస్తారు, వారు ఎవరికి లెక్క చెబుతారు అన్న సంగతి శాసనసభలోనూ, టీవీ చర్చల్లోనూ పెద్దగా వినపడదు. జాబితా గొడవలు చాలావరకు డబ్బు తక్కువై వచ్చినవి కావని నా అభిప్రాయం. మంజూరు చేసేదీ, కొలిచేదీ, ఫిర్యాదు వినేదీ ఒకే యంత్రాంగం కావడం, ఆ యంత్రాంగం స్థానిక సంస్థలకు జవాబుదారీ కాకపోవడం, అందులో పనిచేసేవారు ఎప్పటికప్పుడు అరువు మనుషులు కావడం, ఈ మూడూ కలిసి తెచ్చిన గొడవలివి.

సంస్థలు నిలబెట్టడం మనకు చేతకాదనలేం. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో హైదరాబాద్‌లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు వాడలు తీసేసి రోడ్లు వేసింది, పేదలకు వరుస ఇళ్లు కట్టించింది. ఆ తోవలోనే తర్వాత వచ్చిన హౌసింగ్ బోర్డుకు భూములున్నాయి, ఇంజనీర్లున్నారు, అమ్మకాల మీద రాబడి ఉంది. అయితే అది కూకట్‌పల్లి వంటి కాలనీలతో నగర మధ్యతరగతి సంస్థగా స్థిరపడింది. పల్లెలకూ చిన్న పట్టణాలకూ 1979లో వేరే సంస్థ వచ్చింది, రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ. దానికి భూమి లేదు, అద్దె రాబడి లేదు. హడ్కో అప్పు, ప్రభుత్వ సబ్సిడీ ఈ చేత్తో తీసుకుని ఆ చేత్తో లబ్ధిదారుకు ఇవ్వడమే పని. ఆస్తి ఉన్న బోర్డు రాజధానికి, అప్పు ఉన్న కార్పొరేషన్ జిల్లాలకు అన్నట్టు పంపకం జరిగింది. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఆస్తి లేకపోయినా ఆ కార్పొరేషన్‌కు ఒకటుండేది: మనుషులు. జిల్లాకో పీడీ, కింద ఈఈలు, డీఈలు, మండలానికో ఏఈ, ఆయన కింద వర్క్ ఇన్‌స్పెక్టర్లు. 1983 తర్వాత ఎన్టీఆర్ హయాంలో పక్కా ఇళ్ల కార్యక్రమం ఊపందుకున్నప్పుడూ, 2006లో వైఎస్ ఇందిరమ్మ పథకం మొదలుపెట్టి మూడు విడతల్లో అన్ని ఊళ్లనూ చుట్టేయాలనుకున్నప్పుడూ కొలతలు రాసింది వీళ్లే. కట్టని ఇళ్లకు బిల్లులు ఎత్తారన్న ఆరోపణలూ ఆ వేగంలోనే వచ్చాయి. 2014లో కొత్త ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది. విచారణ జరగాల్సిందే. కాకపోతే, తప్పు చేసినవారిని పట్టుకుని సంస్థను బాగుచేయడానికి బదులు సంస్థనే పక్కన పెట్టారు. సగం కట్టిన ఇళ్ల బిల్లులు ఆగిపోయాయి. ఉద్యోగులు డిప్యుటేషన్ల మీద తలో శాఖకు వెళ్లారు. 2015లో మార్గదర్శకాలు వచ్చిన డబుల్ బెడ్‌రూం పథకంలో కలెక్టర్ ఎవరికి అప్పగిస్తే వారిదే పని: ఒక మండలంలో పంచాయతీరాజ్ ఇంజనీర్లు, పక్క మండలంలో ఆర్ అండ్ బీ, ఏజెన్సీలో ఐటీడీఏ ఇంజనీరింగ్ విభాగం. 560 చదరపు అడుగుల ఇల్లు పల్లెల్లో 5 లక్షల 4 వేలకు కట్టమంటే టెండర్లకు కాంట్రాక్టర్లే రాని ఊళ్లెన్నో. ఆ ప్రభుత్వం పోయేలోపు గృహనిర్మాణ సంస్థను ఆర్ అండ్ బీలో కలిపేయడం కూడా అయిపోయింది. 2024లో ఇందిరమ్మ ఇళ్లు మళ్లీ మొదలయ్యాక సంస్థను తిరిగి నిలబెట్టి, చెల్లాచెదురైన ఉద్యోగులను వెనక్కి పిలిచారు. అప్పుడు ఎండీగా వచ్చిన వి.పి. గౌతమ్ అంతకుముందు మహబూబాబాద్ కలెక్టర్‌గా పనిచేసినవారు కావడం ఈ ప్రాంతానికి ఒక సానుకూలత. కానీ పదేళ్లు ఖాళీగా పెట్టిన ఇంటికి కొత్త తాళం వేసినంత మాత్రాన కాపురం మొదలు కాదు.

ఇక పాలన సంగతి. ఇందిరమ్మ ఇళ్ల లెక్క జిల్లాతో మొదలు కాదు, మండలంతోనూ కాదు, శాసనసభ నియోజకవర్గంతో మొదలవుతుంది. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు. గిరిజన ప్రాంతాలకు అదనంగా కొంత ఇచ్చినా మూలసూత్రం ఇదే. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగాక నియోజకవర్గాల గీతలకూ జిల్లాల గీతలకూ పొంతన పోయింది. జనగామ జిల్లానే తీసుకుందాం. జనగామ నియోజకవర్గంలోని చేర్యాల, కొమురవెల్లి సిద్దిపేట జిల్లాలో ఉన్నాయి. స్టేషన్ ఘన్‌పూర్‌లోని ధర్మసాగర్, వేలేరు హనుమకొండ జిల్లావి. పాలకుర్తి మూడు జిల్లాలకు పంచబడింది: రాయపర్తి వరంగల్‌లో, తొర్రూరు, పెద్దవంగర మహబూబాబాద్‌లో, మిగతాది జనగామలో. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం ములుగు నియోజకవర్గానివి. బయ్యారం, గార్ల ఇల్లెందువి. భూపాలపల్లి జిల్లాలో కాటారం, మహాదేవపూర్, మహాముత్తారం, పలిమెల ప్రాంతమంతా మంథని కిందకు వస్తుంది. భూపాలపల్లి నియోజకవర్గంలోని శాయంపేట చూస్తే హనుమకొండ జిల్లాలో ఉంది. ఈ మూడు జిల్లాలను తాకే నియోజకవర్గాలు తొమ్మిది. వాటిలో పూర్తిగా ఒకే జిల్లాలో ఇమిడినవి మహబూబాబాద్, డోర్నకల్ రెండే.

దీన్ని భూగోళ పాఠంలా చదివి వదిలేయడానికి లేదు. తొర్రూరు మండలంలో ఒకామె ఇంటికి స్లాబు బిల్లు ఆగిందనుకోండి. కోటా పాలకుర్తిది, కలెక్టర్ మహబూబాబాద్‌లో, ఆ నియోజకవర్గంలో పెద్ద భాగం ఇంకో కలెక్టర్ కింద జనగామలో. నియోజకవర్గం కోటాలో తొర్రూరుకు ఎన్ని, రాయపర్తికి ఎన్ని అన్న పంపకం ఏ కలెక్టరూ ఒక్కరే చేయలేరు. మూడు జిల్లాలకూ ఉమ్మడిగా ఉన్న వ్యక్తి ఎమ్మెల్యే ఒక్కరే. అంటే చట్టం ఎక్కడా రాయకపోయినా, గీతలు గీసిన తీరు వల్లే పంపిణీ అధికారం ఎమ్మెల్యే దగ్గరికి నడిచి వెళ్లింది. ఏ పార్టీ ఎమ్మెల్యే అన్నది ఇక్కడ ప్రసక్తి కాదు. నిన్న దీనివల్ల నష్టపోయామన్నవారు ఇవాళ లాభపడుతున్నారు, రేపు మళ్లీ తారుమారు కావచ్చు. పైగా అందరికీ సమానంగా 3,500 అనడం పైకి న్యాయంగా కనిపిస్తుంది గానీ, పూరిళ్లు, రేకుల షెడ్లు ఎక్కువున్న ఏజెన్సీ మండలాలకూ, దాబాలు ఎక్కువున్న రోడ్డు పక్క మండలాలకూ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదు.

ఊరి స్థాయిలో ఏం జరిగిందో చూద్దాం. పాత సర్పంచుల పదవీకాలం 2024 జనవరి ఆఖరుతో ముగిసింది. దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. 2024 అక్టోబరులో జీవో 33 ద్వారా ఇందిరమ్మ కమిటీలు వచ్చాయి. సర్పంచ్ లేదా ప్రత్యేకాధికారి అధ్యక్షత, ఇద్దరు మహిళా సంఘాల సభ్యులు, ముగ్గురు స్థానికులు, కన్వీనర్‌గా పంచాయతీ కార్యదర్శి. పేర్లకు జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి ఆమోదం, తర్వాత కలెక్టర్ ఉత్తర్వు. సర్పంచులు లేని కాలంలో వేసిన కమిటీ కాబట్టి ఎన్నికైన మనిషి లేకుండానే ఊరి జాబితా తయారైంది. మహిళా సంఘాలకు చోటు ఇవ్వడం మంచి పని, కాదనను. కానీ ఆ ముగ్గురు ‘స్థానికులు’ ఎవరి మనుషులన్నది ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. రాజ్యాంగం 11వ షెడ్యూలులో గ్రామీణ గృహనిర్మాణం పంచాయతీల అంశాల్లో పదోది. ఏజెన్సీ గ్రామాలకైతే 1996 నాటి పెసా చట్టం ఇంకా గట్టిగా చెప్పింది: పేదరిక నిర్మూలన కార్యక్రమాల లబ్ధిదారులను గుర్తించే బాధ్యత గ్రామసభదే. కొత్తగూడ, గంగారం వంటి చోట్ల నామినేటెడ్ కమిటీ రాసుకొచ్చిన పేర్లను సభలో చదివి వినిపించడం ఈ చట్టం అడిగిన పని కాదు. సభ పేర్లు రాయాలి, కమిటీ ఉంటే వాటిని సరిచూడాలి. ఇప్పుడు నడుస్తున్నది తలకిందుల క్రమం.

ఏజెన్సీలో ఇంకో చిక్కు ఉంది. సొంత జాగ ఉన్నవారికి ముందు అన్నది ఈ విడత నియమం. దరఖాస్తులను ఎల్1, ఎల్2, ఎల్3 అని విడదీసి, జాగ ఉండి ఇల్లు లేనివారిని ఎల్1లో, జాగ కూడా లేనివారిని ఎల్2లో పెట్టారు. 1/70 చట్టం ఉన్నచోట, పోడు భూముల పక్కన, తండాల్లో అన్నదమ్ములు పంచుకున్న పెరడులో ‘సొంత జాగ’ను కాగితం మీద రుజువు చేయడం ఎంత కష్టమో అక్కడ పనిచేసిన ఏ వీఆర్వోను అడిగినా చెప్పేవారు. ఆ వీఆర్వో వ్యవస్థా ఇప్పుడు మునుపటిలా లేదు. దాంతో నిజంగా గూడు లేనివారు ఎల్2లో చిక్కుకుపోతారు. కాగితానికీ నేలకూ మధ్య ఉన్న ఈ తేడాను తేల్చాల్సింది స్థానికంగా ఉండే, భూమి సంగతి తెలిసిన గృహనిర్మాణ సిబ్బంది. అలాంటివారు లేరు కాబట్టి ఆ పని మొబైల్ యాప్ మీద పడింది. యాప్ పట్టుకుని ఇంటింటికీ తిరిగింది పంచాయతీ కార్యదర్శి. 2018లో 9,355 పోస్టులతో నియామకాలు మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ప్రొబేషన్‌లో ఉంచి, సమ్మె దాకా తెచ్చిన ఆ కార్యదర్శుల మీదే చెత్త బండి, నర్సరీ, ఇంటి పన్ను, ఉపాధి హామీ, ఎన్నికల పని అన్నీ ఉన్నాయి. జాబితాకు కన్వీనరూ వారే, సర్వే చేసిందీ వారే, పేరు రాకపోతే తిట్లు తినేదీ వారే.

సిబ్బంది లెక్క వేయడం కష్టమేమీ కాదు. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఒక్కో ఇంటికి పునాది నుంచి పూర్తయ్యే దాకా నాలుగు దశల్లో బిల్లులు. అంటే 14,000 తనిఖీలు. ఒక ఏఈ రోజుకు ఎనిమిది ఇళ్లు చూడగలరనుకుందాం. అంతకు మించితే అది చూడటం కాదు, ఫొటో తీయడం. ఏడాదికి 250 పనిదినాలైతే ఒకరు 2,000 తనిఖీలు చేస్తారు. నియోజకవర్గానికి కనీసం ఏడుగురు కావాలి, వారికి వేరే పని ఏదీ చెప్పకూడదు. పలిమెల వంటి అడవి మండలంలో రోజుకు ఎనిమిది ఇళ్లన్న లెక్క నిలబడదు, అది వేరే సంగతి. ప్రభుత్వం ఈ కొరతను గుర్తించింది, అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో ఏఈలను తీసుకుని శిక్షణ ఇచ్చి మండలాలకు పంపింది. ఆ యువ ఇంజనీర్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా జీతం తీసుకునే ఇంజనీరు, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడి ఇల్లు కొలతలకు మించి ఉందని రాయగలరా? రాస్తే వెనక నిలబడేదెవరు? 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆగుతుందన్న నియమం తెలియక పెద్ద పునాది తీసుకున్నవారి సంగతి 2025 వేసవి అంతా పత్రికల్లో చదివాం. ముగ్గు పోసే రోజున కొలత చెప్పే మనిషి పక్కన ఉంటే ఆ తప్పులు చాలావరకు అక్కడే ఆగేవి. ముగ్గు నాడు లేని అధికారి బిల్లు నాడు నియమం చదువుతూ ప్రత్యక్షమైతే జనానికి అది నియమంలా కనపడదు, అడ్డంకిలా కనపడుతుంది.

ఇల్లు అప్పగించాక ఏమవుతుందన్నది అసలు ఎవరికీ పట్టని కథ. ఇందిరమ్మ ఇల్లు ఎవరి జాగలో వారిది కాబట్టి నిర్వహణ వారి తలనొప్పి. డబుల్ బెడ్‌రూం కాలనీలు అలా కాదు. ఉమ్మడి మెట్లు, ఉమ్మడి నీళ్ల ట్యాంకు, ఉమ్మడి మురుగు కాలువ. పట్టణాల శివార్లలో కట్టిన అలాంటి సముదాయాలు చాలాచోట్ల తాగునీరు, కరెంటు లేక ఏళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. నిండినచోట మోటారు చెడిపోతే ఎవరు బాగుచేయాలో తేలదు. కట్టిన ఇంజనీరింగ్ శాఖ తన పని అయిపోయిందంటుంది. మున్సిపాలిటీ తమకు అప్పగించలేదంటుంది. భూపాలపల్లి వాసులకు దీని పక్కనే ఒక పోలిక కనపడుతూ ఉంటుంది: సింగరేణి క్వార్టర్లు. వాటికీ కొరతలున్నాయి, కాని పైపు పగిలితే రిజిస్టర్లో రాయడానికి ఒక కార్యాలయం, వచ్చి చూసే సిబ్బంది ఉంటారు. కంపెనీకి అది ఆస్తి కాబట్టి. ప్రభుత్వానికి పేదల కాలనీ కట్టి ముగించిన పథకం మాత్రమే, ఆస్తి కాదు.

బయటి దేశాల్లో దీన్ని ఎలా నడిపారు? అమెరికాలో 1937 గృహనిర్మాణ చట్టం కింద వచ్చిన స్థానిక గృహ సంస్థలు ఇప్పుడు 3,300 దాకా ఉన్నాయి. చాలావరకు జనగామ అంతటి చిన్న పట్టణాలవే. సాధారణంగా మేయరు నియమించే కమిషనర్ల బోర్డు విధానం చూస్తుంది, ఆ బోర్డు నియమించిన కార్యనిర్వాహక అధికారి రోజువారీ పని చూస్తారు, డబ్బు ఎక్కువగా ఫెడరల్ ప్రభుత్వానిది. 1998 చట్టం తర్వాత, కొన్ని మినహాయింపులతో, బోర్డులో కనీసం ఒకరు ఆ ఇళ్లలో ఉండేవారై ఉండాలి. ఈ ఏర్పాటు చూసి మురిసిపోనక్కర్లేదు. 1934లో పుట్టిన న్యూయార్క్ గృహ సంస్థ అక్కడ అన్నిటికన్నా పెద్దది. సీసం కలిసిన రంగుల తనిఖీల విషయంలో అది తప్పుడు ధ్రువీకరణలు ఇచ్చిన సంగతి బయటపడి, 2019లో ఫెడరల్ పర్యవేక్షకుడిని ఒప్పుకోవాల్సి వచ్చింది. బోర్డు ఉంటే చాలదు. డబ్బు ఎండగట్టి, తనిఖీని కాగితం మీద వదిలేస్తే బోర్డు కూడా అబద్ధం చెబుతుంది. అయితే ఆ అబద్ధం ఎవరిదో తేలింది, సరిదిద్దే బాధ్యత ఒకరి మీద పడింది. మన దగ్గర అంతవరకూ రాదు.

ఇంగ్లండ్ అనుభవం సిబ్బంది విషయంలో మరీ సూటిగా వర్తిస్తుంది. 1919 నుంచి అక్కడి స్థానిక కౌన్సిళ్లు ఇళ్లు కట్టి అద్దెకిస్తూ వచ్చాయి. 1980 చట్టం తర్వాత లక్షల ఇళ్లు అద్దెదార్లకే అమ్ముడైపోయాయి, మిగిలినవాటి నిర్వహణ రకరకాల సంస్థల చేతుల్లోకి వెళ్లింది. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయారు. ఆ భవనాన్ని నడిపింది పేరుకు అద్దెదారుల నిర్వహణ సంస్థే; అద్దెదారులు ముందే చేసిన హెచ్చరికలు దాని చెవికెక్కలేదు. ఆ విషాదం తర్వాత వచ్చిన 2023 సామాజిక గృహాల నియంత్రణ చట్టం ఒక కొత్త మాట చెప్పింది: ఇళ్ల నిర్వహణలో పై స్థాయి అధికారులకు వృత్తిపరమైన అర్హత తప్పనిసరి. పేదల ఇళ్లను చూసుకోవడం నర్సింగ్ లాగా, ఉపాధ్యాయ వృత్తి లాగా నేర్చుకుని చేయాల్సిన పని అని ఒక పార్లమెంటు ఒప్పుకుంది. మనం ఆ పనిని ఇంకా ‘అదనపు బాధ్యతలు’ అన్న కాలమ్‌లోనే రాస్తున్నాం.

సింగపూర్‌ను మన నాయకులు తరచూ తలుచుకుంటారు, ఆకాశహర్మ్యాల కోసం. తలుచుకోవాల్సింది వేరే ఉంది. 1960 ఫిబ్రవరిలో మొదలైన అక్కడి గృహాభివృద్ధి మండలి మొదటి ఐదేళ్లలోనే 50 వేలకు పైగా ఇళ్లు కట్టింది. ఇప్పుడు ఆ దేశవాసుల్లో అయిదుగురిలో దాదాపు నలుగురు అది కట్టిన ఇళ్లలోనే ఉంటారు. కట్టడం, కేటాయించడం మండలి పని. కొత్త ఇళ్లు కంప్యూటర్ లాటరీలో వస్తాయి. 1988 చట్టంతో ఎంపీలను కూడా ఇళ్ల పాలనలోకి తెచ్చారు, పంచడానికి కాదు: టౌన్ కౌన్సిళ్ల ద్వారా లిఫ్టులు నడిపించడానికి, మెట్లు ఊడ్పించడానికి. ఎన్నికైన నాయకుడి చేతికి చీపురు ఇచ్చి జాబితా తీసుకున్నారన్నమాట. మనం జాబితా ఇచ్చి చీపురు ఎవరికీ ఇవ్వలేదు. అక్కడ ప్రతిపక్షానికి చోటు తక్కువనీ, ఆ కౌన్సిళ్లు కూడా రాజకీయమేననీ విమర్శలున్నాయి. అయినా పని విభజనలోని ఆ తెలివి అరువు తెచ్చుకోదగ్గదే.

ఇంత దూరం పోనక్కర్లేదనేవారికి కేరళ ఉంది. 2016లో ప్రకటించిన అక్కడి లైఫ్ మిషన్ కొత్త ఇళ్లతో మొదలు కాలేదు. పాత పథకాల్లో సగంలో ఆగిన ఇళ్లను ముందు పూర్తి చేసింది, యాభై వేలకు పైగా. జాబితాకు గ్రామసభ ఆమోదం, అమలు పంచాయతీది, ఊరి స్థాయిలో గ్రామ విస్తరణాధికారి బాధ్యుడు. ప్రభుత్వం మారినా ఇల్లు పంచాయతీ లెక్కల్లోనే ఉంటుంది కాబట్టి గత ప్రభుత్వపు మొండిగోడలను అనాథలుగా వదిలేయలేరు. పొరుగు ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లను పెట్టింది. సిబ్బంది సంగతిలో మనకన్నా ఒక మెట్టు పైనే ఉంది. కానీ లేఅవుట్లకు జాగ ఎక్కడ కొనాలో పైనుంచి తేల్చడంతో కొన్నిచోట్ల కాలనీలు ఊరికి దూరంగా, పల్లపు నేలల్లో పడ్డాయి. సిబ్బందిని ఊళ్లో పెట్టి నిర్ణయాన్ని రాజధానిలో ఉంచితే వచ్చే ఫలితం అది.

స్థానిక గృహ సంస్థ అనగానే వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. సర్పంచుల చేతికిస్తే కులం, పార్టీ చూసి పంచరా అంటారు. పంచుతారు, కొందరు. ఇప్పుడు మాత్రం పంచడం లేదా? తేడా ఏమిటంటే సర్పంచును ఐదేళ్లకు దించవచ్చు, కమిటీ సభ్యుణ్ని దించే ఓటు ఊరికి లేదు. కలెక్టర్ చేతిలో ఉంటే పని వేగంగా సాగుతుందన్నది రెండో వాదన. కలెక్టర్లు సమర్థులే కావచ్చు, రెండేళ్లకు ఒకసారి మారతారు; ఇల్లు మాత్రం అరవై ఏళ్లు ఉండాలి. లబ్ధిదారే కట్టుకుంటుంటే ఇన్ని జీతాలెందుకు, పథకం అయిపోయాక వీళ్లందరినీ ఏం చేస్తారని ఆర్థిక శాఖ అడుగుతుంది. అన్నిటిలోకీ గట్టి అభ్యంతరం ఇదే. ఐదు లక్షల చొప్పున 3,500 ఇళ్లంటే నియోజకవర్గానికి 175 కోట్లు. ఏడుగురు ఇంజనీర్లకు తలా ఏడాదికి పది లక్షలు ఖర్చవుతుందనుకున్నా 70 లక్షలు, మొత్తంలో అర శాతం కూడా కాదు. ఒక్క అబద్ధపు బిల్లు బ్యాచు ఆపితే అంతకన్నా మిగులుతుంది. పథకానికీ పథకానికీ మధ్య వాళ్లకు పని ఉండదన్నదీ నిజం కాదు. ఎనభైల్లో కట్టిన పక్కా ఇళ్లు ఇప్పుడు నలభై ఏళ్లవి. పెచ్చులూడుతున్న ఆ స్లాబుల కింద ఇంకా మనుషులు పడుకుంటున్నారు. వాటి భద్రతను పరీక్షించి మరమ్మతులు చేయించేవారు ఇవాళ ఏ శాఖలోనూ లేరు.

కాబట్టి జిల్లాకో గృహనిర్మాణ మండలి కావాలి. రాష్ట్ర సంస్థకు బ్రాంచి ఆఫీసుగా కాదు. జిల్లా పరిషత్తుకు, మున్సిపాలిటీలకు లెక్క చెప్పే సంస్థగా. డబ్బు, డిజైన్ల ప్రమాణాలు, ఆడిట్ రాష్ట్ర సంస్థ దగ్గరే ఉండొచ్చు. బోర్డులో సర్పంచులు, మున్సిపల్ చైర్మన్లతో పాటు ఆ కాలనీల్లో కాపురమున్నవారు ఇద్దరైనా ఉండాలి, ఏజెన్సీ ఉన్న మహబూబాబాద్ వంటిచోట ఐటీడీఏ ప్రతినిధి కూడా. కోటా నియోజకవర్గం నుంచి మండలానికి దిగాలి, ఇల్లు లేనివారి లెక్కను బట్టి. మండలానికి కనీసం ఒక శాశ్వత ఏఈ, ముగ్గు నాటి నుంచి గృహప్రవేశం దాకా అదే మనిషి. చివరి బిల్లుకు ముందు తనిఖీ మాత్రం పక్క మండలం ఏఈ చేయాలి. పేరు తీసేసినా, బిల్లు ఆపినా కారణం కాగితం మీద రాసి ఇవ్వాలి. దానిమీద అప్పీలు వినేవారు జాబితా చేసినవారు కాకూడదు. ఇంత చిన్న నియమానికి చట్టం కూడా అక్కర్లేదు, ఒక జీవో చాలు. ఎమ్మెల్యేలు దీన్ని ఇష్టపడరని తెలుసు. కానీ ఇల్లు రానివాళ్ల కోపం ఇప్పుడు వాళ్ల ఇళ్ల ముందుకే వస్తోందన్న సంగతి వాళ్లకూ తెలుసు.

జిల్లా పరిషత్తుల పదవీకాలం 2024 జూలైలో ముగిసింది. చట్టం జడ్పీకి ఏడు స్థాయీ సంఘాలిచ్చింది: ప్రణాళిక, ఆర్థికం నుంచి పనుల దాకా. గృహనిర్మాణానికి విడిగా ఒకటి లేదు. దానికి ఎనిమిదో సంఘాన్ని చేర్చడం చిన్న సవరణ. కొత్త పాలకవర్గాలు కొలువుదీరేలోపు ఆ సవరణ చేసి, తొర్రూరు, కాటారం, చేర్యాల వంటి సరిహద్దు మండలాల కోటా లెక్కలను ఆయా జిల్లాల జడ్పీల ముందు పెడితే, నియోజకవర్గం పేరుతో ఇన్నాళ్లూ ఒక చోటే తిరిగిన కాగితం మొదటిసారి మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది.